తారు రోడ్డు దిగాక

వేంపల్లె చుట్టూ ఒక పూట తిరిగితే చాలు, రాయలసీమ నేలలన్నీ బండి చక్రం కిందికి వచ్చేస్తాయి. పాపాఘ్ని ఏటి ఇసుక, కొండల పాదాన గరుసు, చీనీ తోటల ఎర్రనేల, పులివెందుల వైపు పోయేకొద్దీ అక్కడక్కడ నల్లరేగడి, మధ్యలో బోడిగుట్టల మీద పలకలు పలకలుగా పైకి లేచిన రాయి. విత్తనం పొలానికి చేరాలన్నా, అరటి గెల లారీ దాకా రావాలన్నా, కాన్పుకు మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా డొంకదారుల్లోనే బండి నడవాలి. హైదరాబాదు, బెంగళూరు కుర్రాళ్లు లక్షలు పోసి ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు కొని ఆదివారం సరదాగా చేసే పనిని ఇక్కడివాళ్లు పొట్టకూటి కోసం రోజూ చేస్తారు. రోడ్డు లేని చోట బండినీ అందులోని మనుషులనూ క్షేమంగా ఎలా తీసుకుపోవాలో తెలుసుకోవాలంటే వాళ్ల పక్కన కూచోవడమే మేలనుకుని ఆషాఢం చివర్లో వేంపల్లెకు వెళ్లాను.

నాకు తోడొచ్చిన డ్రైవరన్న విత్తనాల కాలంలో ట్రాక్టరు తోలుతాడు, మిగతా రోజుల్లో అరటికాయలు మోసే బొలెరో. నా జీపు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి ఇంజను గురించి ఒక్క మాటా అడగలేదు. "స్టెప్నీలో గాలుండాదా సార్? జాకీ కింద పెట్టే పలక యాడుండాది?" అన్నాడు. పలక లేదన్నాను. పక్కనే ఉన్న కట్టెల అడితికి పోయి మూరెడు పొడవున్న మందపాటి చెక్క తెచ్చి వెనక పడేశాడు. మెత్తటి నేలలో జాకీ పెడితే బండి పైకి లేవదు, జాకీయే కిందికి దిగుతుంది. అది తెలిసినవాడు చెక్క లేకుండా ఊరు దాటడు. తర్వాత పార, తాడు, రెండు క్యాన్ల నీళ్లు, గాలి కొట్టే పంపు సర్దాడు. వెనక సీట్లో దొర్లుతున్న క్యాన్లను తాడుతో బిగించి కట్టాడు. "బండి ఒక్కసారి ఒరిగిందంటే ఈ క్యానే మన తలకాయను ఎతుక్కుంటాది" అన్నాడు. సీటు బెల్టు కూడా పెట్టుకోమన్నాడు. పొలం దారిలో బెల్టు ఎందుకని చాలామంది అనుకుంటారు. బండి పక్కకు పడేటప్పుడు మనిషి బయటికి జారి దాని కిందే పడతాడు. వేగం లేని చోట జరిగే చావుల్లో ఇదొకటి.

వేంపల్లె నుంచి రాయచోటి దారిలో గండి దాకా మంచి రోడ్డే. పాలకొండలను చీల్చుకుని పాపాఘ్ని బయటికి వచ్చే చోటు అది. వీరాంజనేయస్వామి గుడి ఉంది, శ్రావణ శనివారాల్లో ఇసకేస్తే రాలనంత జనం. లంక నుంచి తిరిగొస్తూ రాముడు బాణం మొనతో రాతి మీద ఆంజనేయుని రూపం గీశాడని, వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. దత్తమండలాలకు 1800 నుంచి కలెక్టరుగా ఉండి తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో ఆ తోరణాన్ని చూశాడనీ, అది కంటపడినవాడు ఎక్కువ కాలం బతకడని పక్కనున్నవాళ్లు చెప్పారనీ కడప వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడు. తోరణం సంగతి ఎలా ఉన్నా, ఆ కాలంలో గుర్రం మీద ఇలాంటి కనుమలు, ఏర్లు దాటి ఊరూరూ తిరిగినవాడి మీద జనం కథ కట్టుకున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

గుడి దగ్గర స్వామికి దండం పెట్టుకుని, కొంత దూరం వెనక్కి వచ్చి, రైతులు ఏరు దాటే బండిబాటలో దిగాం. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టి, కమలాపురం దగ్గర పెన్నలో కలిసే ఈ ఏరు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. మేం చూసినప్పుడు ఒక అంచున సన్నటి పాయ పారుతోంది. డ్రైవరన్న బండి ఆపి, చేతికర్ర తీసుకుని అవతలి గట్టు దాకా నడిచిపోయాడు. నేనూ వెనకే నడిచాను. అతను అడుగడుక్కీ కర్రతో పొడుస్తున్నాడు. "ఎండాకాలం నీళ్లకు చెలమలు తోడింటారు సార్. గాలికి పైన ఇసికె కప్పుకుంటాది. చక్రం దాంట్లో దిగిందంటే బండి మూతి మీద పడతాది." ఇసుక తవ్వకాల గుంతలు అంతకంటే పెద్ద ప్రమాదం. నీళ్లు నిండితే అవి పైకి మామూలు మడుగులాగే ఉంటాయి, లోతు మాత్రం నిలువెత్తు.

దారి చూసుకున్నాక నాలుగు టైర్ల గాలీ తీశాం. తారు రోడ్డు మీద 32 పాయింట్లున్న గాలిని 18కి దించాం. గాలి తగ్గితే టైరు అడుగు పొడవుగా సాగి ఎక్కువ నేలను ఆనుకుంటుంది, బరువు పరుచుకుంటుంది, ఇసుక కోసుకుపోకుండా మోస్తుంది. ఇసుకలో దిగబడిన బండ్లలో చాలావరకు ఇంజను బలం చాలక ఆగినవి కావు, గాలి తీయకపోవడం వల్ల ఆగినవి. ఫోర్‌వీల్ వేసి, రెండో గేరులో, యాక్సిలరేటరు ఒకే తీరున తొక్కుతూ పోయాడు. బ్రేకు ముట్టుకోలేదు. బ్రేకు వేస్తే చక్రం ముందు ఇసుక కుప్ప పడుతుంది, మళ్లీ కదలాలంటే ఆ కుప్పను ఎక్కాలి. మలుపులు కూడా వెడల్పుగా తిప్పాడు. గాలి తక్కువున్న టైరును ఒక్కసారిగా కోస్తే అది రిమ్ము నుంచి ఊడిపోతుంది.

నడుమ ఒక చోట వెనక చక్రం ఉన్నచోటే ఉత్తినే తిరగడం మొదలైంది. వెంటనే కాలు తీసేశాడు. ఇక్కడే కొత్తవాళ్లు చేజార్చుకుంటారని చెప్పాడు. తిరుగుతున్న చక్రాన్ని ఇంకా తొక్కితే అది తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. చాసీ ఇసుక మీద కూచున్నాక నాలుగు చక్రాలూ గాల్లో తిరిగినట్టే. చక్రాల ముందూ వెనకా చేత్తో ఇసుక తోడి, వచ్చిన జాడలోనే వెనక్కి పోయి, రోంత పక్కగా మళ్లీ వచ్చాడు. గట్టెక్కగానే పంపు తీసి గాలి పట్టించాడు. మెత్తటి టైర్లతో తారు మీద వేగంగా పోతే వేడెక్కి పేలుతాయి. ఇసుకలో ఎంత జాగ్రత్త పడినవాళ్లైనా ఈ చివరి పని దగ్గర బద్ధకిస్తారు.

వేంపల్లెకు తిరిగొచ్చి వేముల దారి పట్టాం. కుడీ ఎడమా కనిపించే బూడిదరంగు రాతి పొరలను భూగర్భ శాస్త్రజ్ఞులు వేంపల్లె ఫార్మేషన్ అంటారు. ఈ ఊరి పేరు ప్రపంచంలోని శిలల పుస్తకాల్లో చేరింది దీనివల్లే. డోలమైటు పొరలు, వాటి మధ్య చకుముకి రాయి పట్టీలు. వయసు 190 కోట్ల ఏళ్లకు పైమాటే. అప్పటి లోతు తక్కువ సముద్రంలో కంటికి కనిపించని జీవులు పొర మీద పొర పేర్చిన స్ట్రొమటొలైట్లు కోసిన ఉల్లిగడ్డలా చుట్లుచుట్లుగా ఈ బండల్లో కనిపిస్తాయి. తుమ్మలపల్లె గనిలో తీస్తున్న యురేనియం ఉన్నదీ ఈ రాతిలోనే. ఇదంతా బండి నడపడానికి ఎందుకంటే, ఆ చకుముకి పట్టీలు బ్లేడంత పదును. డోలమైటు వానకు కరిగి అరిగిపోతే చకుముకి మాత్రం అరగకుండా అంచులు పైకి తేలి నిలుస్తుంది. టైరు అడుగు మందంగా ఉంటుంది, పక్క చెంప పలచన. ఇసుకకని గాలి తీసిన టైరుతో ఇక్కడికి వస్తే చెంప ఉబ్బి రాయికి అందుతుంది, అక్కడ చీలితే పంక్చరు అతుకు నిలవదు. ఏట్లో మేలు చేసిన మెత్తదనమే గుట్ట మీద కీడు. అందుకే నేల మారిన ప్రతిచోటా అతను దిగి టైర్లు చూశాడు.

గుట్ట మీదికి ఒక పాత రాళ్ల బాట ఉంది. మొదట్లోనే ఆపి, లో గేరు పెట్టాడు. ఫోర్ లోలో చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, చక్రానికి అందే బలం రెండింతలకు పైగా పెరుగుతుంది. ఎక్కడం మొదలయ్యాక గేరు మార్చలేదు. బొటనవేళ్లను స్టీరింగు లోపలికి దూర్చవద్దని నాకు చెప్పాడు, రాయి తగిలి చక్రం విసిరితే వేలు విరుగుతుంది. ఎక్కడమూ దిగడమూ నిటారుగా, వాలుకు ఎదురుగా. అడ్డంగా పోతే బండి పొర్లుతుంది.

ఎక్కుతూ ఎక్కుతూ బండి మధ్యలో ఆగిపోతే ఏం చేయాలన్నది నేను అడిగి చెప్పించుకున్నాను, ఎందుకంటే కొండదారుల్లో మనుషులు పోయేది అక్కడే. భయంలో మనిషి క్లచ్చి తొక్కుతాడు, బండి ఇంజను పట్టు వదిలి వెనక్కి దొర్లుతుంది. లేదంటే తిప్పుకుని దిగుదామని స్టీరింగు కోస్తాడు, బండి అడ్డం తిరిగి పొర్లుతుంది. చేయవలసింది బ్రేకు మీద నిలిపి, ఇంజను ఆపి, రివర్సు గేరు వేసి, వచ్చిన దారినే నిటారుగా వెనక్కి దిగడం. గుట్టెక్కాక ముందుకు దిగేటప్పుడు లో గేరులో మొదటి గేరు, కాళ్లు క్లచ్చి మీద పెట్టకుండా. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే గరుసు మీద చక్రాలు బిగుసుకుని జారతాయి, జారే చక్రం స్టీరింగు మాట వినదు. "పైకి ఎక్కినోడు మొగోడు గాదు సార్, కిందికి దిగినోడు మొగోడు" అన్నాడు డ్రైవరన్న. అతని ఇంట్లో ట్రాక్టరు తోలే చెల్లెలు కూడా ఉందట. ఆ అమ్మాయి ముందు ఈ మాట అనడేమో.

పాలకొండల వైపు అడవిలోకి మేం పోలేదు. ఎర్రచందనం ఉన్న రిజర్వు అడవి అది, అటవీశాఖ అనుమతి లేకుండా బండి పోకూడదు. విత్తిన చేలు కూడా అంతే. దారి బాగాలేదని పక్క చేలోకి దించితే ఆ రైతు విత్తనం మన చక్రం కింద పోతుంది. బాట ఎంత చెడ్డదైనా బాటలోనే ఉండాలి.

మధ్యాహ్నం ఒక వాన పడింది. గంటసేపైనా లేదు. కానీ రేగడి నేల మీద ఆ వాన చాలు. ఎండాకాలం నెర్రెలు విచ్చి అరికాలు పట్టేంత సందులు పడే నేలే, తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. టైరు గాళ్లలో మట్టి నిండి టైరు నున్నగా తయారవుతుంది, మడ్‌గార్డు కింద పేరుకుని చక్రాన్నే ఆపేస్తుంది. ఫోర్‌వీల్ ఉందని దిగిన జీపు ఇక్కడ ఎద్దులబండి కన్నా దీనంగా నిలిచిపోతుంది. ఏ నేల ఎలాంటిదో ముందే తెలియాలన్నది పాత మాటే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పోతూ మజిలీ మజిలీకీ బాట ఎలా ఉందో, ఏ నేలో, ఎక్కడ ఏరు దాటాలో వెనక వచ్చేవాళ్ల కోసం రాసిపెట్టాడు. ఆయన బోయీలు మోసే పల్లకీలో పోయినవాడు. ఈ సీమలో ప్రయాణం గురించి రాసేవాళ్లు ఇప్పటికీ ఆయన్ను చూసి నేర్చుకోవలసింది ఆ శ్రద్ధే. రేగడిలో వానకు మందు ఒకటే, ఆగడం. ఎండ కాస్తే ఒక పూటలో పైపొర గట్టిపడుతుంది. మేం ఒక వేపచెట్టు దగ్గర, గరుసు మీద బండి ఆపేసి కూచున్నాం.

అక్కడే చూశాను, ఎరువు బస్తాల ట్రాలీతో దిగబడిన ఒక ట్రాక్టరును. దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరు వచ్చింది. వచ్చినవాళ్లు గొలుసును లాగే ట్రాక్టరు వెనక, సీటు కింద ఎత్తుగా ఉన్న చోట కట్టబోయారు. డ్రైవరన్న బురదలో పరుగున పోయి ఆపాడు. "యాడ కడతాండావు అబ్బీ, కింద హుక్కుకు కట్టు" అని అరిచాడు.

ఈ ఒక్క విషయం మీద పేజీలు రాసినా తక్కువే. వెనక చక్రాలు కదలలేకపోతే ఇంజను బలం ఎక్కడికీ పోదు. ఇరుసును తిప్పలేక ట్రాక్టరు ఒంటినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది, ముందు చక్రాలు లేస్తాయి. గొలుసు ఇరుసు కన్నా ఎత్తులో కట్టి ఉంటే ఆ లాగుడు కూడా ట్రాక్టరును వెనక్కే తిప్పుతుంది. ముందు లేచిన ట్రాక్టరు ఇక తిరిగి రాని చోటు చేరడానికి ముక్కాలు సెకను చాలు. డ్రైవరు లేస్తోందని గమనించి, క్లచ్చి తొక్కేలోపల అయిపోతుంది. టన్నులకొద్దీ ఇనుము అతని మీద పడుతుంది. దిగబడిన చక్రం ముందు బండరాళ్లు పెట్టి, మొద్దు కట్టి తొక్కడమూ ఇంతే ప్రమాదం, చక్రానికి దారి లేకుండా చేసి ఇంజనును రెచ్చగొట్టడం అది. దిగబడితే ట్రాలీ విప్పాలి, మట్టి తోడాలి, వెనక్కి రావడానికి చూడాలి, అప్పుడే కింది హుక్కుకు కట్టి నెమ్మదిగా లాగాలి. గొలుసు మీద తడి గోనెసంచి వేస్తే తెగినా అంతగా ఎగరదు. చుట్టూ ఉన్నవాళ్లు గొలుసు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరం నిలబడాలి. ఆ రోజు గుమిగూడిన పిల్లలను దూరం పంపడానికే డ్రైవరన్నకు ఎక్కువ గొంతు పోయింది.

స్వీడను 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రోల్‌ చట్రం తప్పనిసరి చేసింది. తిరగబడ్డా డ్రైవరు నలిగిపోకుండా కాపాడే ఇనుప చట్రం అది. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ ట్రాక్టరు చావులు బాగా తగ్గిపోయాయి. మన చేలల్లో తిరిగే ట్రాక్టర్లలో ఎక్కువవాటికి ఉండేది ఎండ ఆపే టాపే, అది బరువు ఆపదు. ట్రాక్టరుకు ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి విడి బ్రేకులుంటాయి, దుక్కిలో మలుపు తిరగడానికి. రోడ్డెక్కేముందు రెండు పెడళ్లనూ కలిపి గొళ్లెం వేయాలి. వేయకుండా వేగంలో ఒకటే తొక్కితే బండి అక్కడే తిరిగి పడుతుంది. ఈ గొళ్లెం తుప్పు పట్టి వాడకం లేని ట్రాక్టర్లు ఎన్నో చూశాం వేంపల్లె, వేముల మండలాల్లో.

ఇక మడ్‌గార్డు మీద, ట్రాలీలో మనుషులను ఎక్కించడం. కూలికి పోయే ఆడవాళ్లకు వేరే బండి లేదని చెబుతారు, నిజమే. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ ప్రాణాలకు తగిన బండి ఇవ్వలేకపోవడం ఊరి తప్పు, ప్రభుత్వాల తప్పు. ట్రాలీలో ఎక్కినవాళ్ల తప్పు కాదు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మధ్యాహ్నం పొడిగా దాటిన వంక పారుతోంది. చప్టా మీద ఎర్రటి నీళ్లు, ముప్పావు అడుగు ఉంటాయేమో. అవతలి గట్టున వేంపల్లె దీపాలు. ఇద్దరు మోటారు సైకిళ్ల మీద దాటేశారు కూడా. డ్రైవరన్న ఇంజను ఆపేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. అతని లెక్క నాకు నచ్చింది. నీళ్ల కింద చప్టా ఉందో లేదో పైనుంచి తెలీదు, పక్కన కోసుకుపోయి ఉండొచ్చు. ఎగువన ఇంకా ఎంత కురిసిందో తెలీదు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చగలవు. రెండడుగులైతే జీపులు కూడా కొట్టుకుపోతాయి. నీళ్లు బండిని కింది నుంచి ఎత్తి టైర్ల పట్టు తీసేస్తాయి, ప్రవాహం పక్కనుంచి నెడుతుంది. ప్రవాహ వేగం రెండింతలైతే ఆ నెట్టుడు నాలుగింతలు. గాలి గొట్టంలోకి నీళ్లు పోతే ఇంజను సిలిండరులో అవి నలగవు, కడ్డీలే వంగుతాయి, బండి ఏటి మధ్యలో నిలిచిపోతుంది.

పాపాఘ్ని పరీవాహకంలో ఇది కొత్త విషయం కాదు. 2021 నవంబరులో తంబళ్లపల్లె, రాయచోటి వైపు కురిసిన వానలకు వచ్చిన వరదలో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కూలింది. అదే వారం, నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి, రాజంపేట ప్రాంతంలో ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకుని ప్రయాణికులు చనిపోయారు. వేంపల్లెలో మబ్బు లేకపోయినా ఏరు వస్తుంది, ఎందుకంటే దాని వాన కురిసేది ఎక్కడో కర్ణాటక సరిహద్దులో.

మేం గట్టు మీద కూచున్నాం. వెనక ఆగిన ఆటోవాళ్లు, ఒక పాల వ్యాను, పెళ్లి బట్టలు కొనుక్కుని వస్తున్న కుటుంబం చేరారు. ఎవరో బొరుగులు పంచారు. డ్రైవరన్న ఒక రాయిని నీటి అంచున పెట్టి, అది బయటపడేదాకా కదలనన్నాడు. రాయి బయటపడి, నీళ్లు చప్టా కిందికి దిగాక ముందు నడిచి చూసి, తర్వాత బండి దాటించాడు. అవతల చేరాక రెండు మూడు సార్లు బ్రేకు మెల్లగా నొక్కి తడి ఆర్చాడు.

రాయలసీమలో మీరెక్కడ బండి తోలుతున్నా వర్షాకాలంలో ఈ రెండు పనులు చేయండి. వంక పారుతుంటే ఇవతలే ఆగండి, ఎవరు దాటినా మీరు దాటకండి, వెనక వచ్చేవాళ్లనూ ఆపండి. మీ ఊరి ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఎవరైనా కూచుంటే దించండి, చిన్నపిల్లలైతే ముందు వాళ్లను దించండి.